చెవిలో అచ్చుతప్పు

బైండింగు షాపు యజమాని ఫోన్లో "పంచుతాం" అన్నాడు. మా అమ్మ "పెంచుతాం" అని విన్నది. రెండు మాటలకీ తేడా ఎంతని? తలకట్టు ఉండాల్సిన చోట ఒక ఎత్వం. అక్షరం నెత్తిమీద చిన్న కొక్కెం. ఆ వేసవిలో ఆ కొక్కేనికి మా ఇల్లూ, మా పైమేడ ఇల్లూ, ఒక షాపు నిండా మనుషులూ వేలాడారు.

అప్పట్లో నేను ఒక వారపత్రికలో ప్రూఫ్ రీడర్ని. అచ్చుతప్పులు పట్టడం నా వృత్తి. హల్లుల తప్పులు కూడా పట్టేవాణ్ణి, దానికి విడిగా ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. ఈ తప్పు మాత్రం నా కంటికి చిక్కలేదు. అది కాగితం మీద పడి ఉంటే ఎర్రసిరాతో వేటు వేసేవాణ్ణి. పడింది చెవిలో.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మా పత్రిక పేజీలు తగ్గించారు. పేజీలు తగ్గితే తప్పులు తగ్గుతాయి, తప్పులు తగ్గితే నేను తగ్గాలి. రోజు విడిచి రోజు రమ్మన్నారు. జీతం కూడా రోజు విడిచి రోజే. 'జీవితం'లోంచి 'వి' ఎగిరిపోతే జీతం మిగులుతుందని సరదాగా అంటూ ఉండేవాణ్ణి. ఆ వేసవిలో 'జీ' కూడా ఎగిరిపోయి 'తం' ఒక్కటే మిగిలేట్టుంది, దానికి అర్థమేమిటో ఏ నిఘంటువులోనూ లేదు.

మా ఆవిడ ఇంట్లోనే నోటుపుస్తకాలకి కుట్లు వేసేది. బడులు తెరిచే లోపల కట్టలు కట్టలు చేసి ఇవ్వాలి. కుట్టు తెలిసినవాళ్ళకి అది పనే కాదు. వాళ్ళ నాన్న దగ్గర ఆవిడ అసలైన పుస్తకం కుట్టడం నేర్చుకుంది. అచ్చయిన పెద్ద కాగితాల్ని, అంటే ఫారాల్ని, మడిచి, దారానికి మైనం రాసి, వెన్నులోంచి సూది దూర్చి, ముడి ఎక్కడుందో కనిపించకుండా లాగేది. రోజంతా వెన్నుపోట్లు పొడుస్తూ కూడా మంచిపేరు తెచ్చుకునేది లోకంలో ఈ పుస్తకాలు కుట్టేవాళ్ళే. ఆవిడ సంచిలో ఆ పొడవాటి సూది ఎప్పుడూ ఉండేది. దానికి తగ్గ పుస్తకమే ఎప్పుడూ దొరికేది కాదు.

ఆ సమయంలో పెద్దవీధి బైండింగు షాపుకి ఒక గ్రంథాలయం తన పాత పుస్తకాలన్నీ బాగుచెయ్యమని ఇచ్చింది. ఆ షాపులో ఆ కుట్టు తెలిసినవాళ్ళు లేరు. మా ఆవిడ బాగుచేసిన నిఘంటువు ఒకటి ఎవరిదగ్గరో చూసి, యజమాని స్వయంగా మా ఇంటికొచ్చాడు. ఆయన్ని అందరూ గమ్ము సారు అనేవాళ్ళు. గమ్ము డబ్బా ఎప్పుడూ పక్కనుండటం ఒక కారణం, ఎప్పుడూ గమ్మున ఉండటం రెండో కారణం. పెదవులకి కూడా కాస్త రాసుకున్నాడేమో అనిపించేట్టు, నోరు సగమే తెరిచి మాట్లాడేవాడు.

ఇస్తానన్న జీతం చెప్పాడు. నేను గోడకి ఆనుకున్నాను. మా ఇద్దరిదీ కలిపినా అంత లేదు.

"ఏమంటారమ్మా?" అన్నాడు.

మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి, "మిగతావాళ్ళకి ఎంతిస్తున్నారండీ?" అంది.

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "చూసి ఫోన్ చేస్తాను. ఆ తర్వాత ఒక వారం వచ్చి పని చూడండి," అని లేచాడు.

ఆయన చెప్పులు మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టాను.

"నీకెంతిస్తాడో చెప్పాడు కదా. వాళ్ళకెంతిస్తే నీకెందుకు?"

"నేను కూర్చునేది ఆయన పక్కన కాదు కదండీ. వాళ్ళ పక్కన."

"కూర్చో. కుర్చీకి జీతం తెలుస్తుందా?"

"మనుషులకి తెలుస్తుంది. నాకు ఎక్కువొస్తుందని తెలిస్తే వాళ్ళు దారం అందివ్వరు. తక్కువొస్తుందని తెలిస్తే నాకే సూది కదలదు."

"అంటే సమానంగా ఉండాలి. సమానంగా ఉంటే సరదా ఏముంది?"

"మీ ఆఫీసులో ఆ కళ్ళజోడాయన జీతం తెలిసిన నెల మీకెంత సరదాగా ఉందో నాకు గుర్తుంది," అంది.

నాకన్నా వెనకొచ్చి, నాకన్నా ఎక్కువ తప్పులు వదిలేసి, నాకన్నా ఎక్కువ తీసుకుంటున్నాడని తెలిసే ముందురోజు దాకా నా జీతం నాకు కమ్మగానే ఉండేది. తెలిసిన రోజునుంచి అదే జీతం చేదెక్కింది. జీతం మారలేదు, నాలుక మారింది. ఆ నెలంతా ఆయన పేజీల్లో వదిలేసిన తప్పుల్ని చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. పత్రిక ఆ నెల 'సంపాదకీయం' బదులు 'సంపాదనీయం' అని అచ్చేసింది. చాలామంది అదే సరైనదనుకున్నారు.

ఫోన్ రెండ్రోజులకి వచ్చింది. ఆ సమయంలో మా ఆవిడ కట్టలు అప్పజెప్పడానికి వెళ్ళింది. నేను ఆఫీసులో ఉన్నాను. పైమేడ మీద గోడకి అల్మరా బిగించడానికి డ్రిల్లుతో రంధ్రాలు వేస్తున్నారు. ఫోనెత్తింది మా అమ్మ. అమ్మకి ఎడమచెవి కొంచెం మందం. ఆ సంగతి ఎవరన్నా చెబితే ఆ చెవితో వినేది కాదు.

సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"గమ్ముసారు ఫోన్ చేశాడే అమ్మాయ్. నువ్వొస్తే ఉన్న జీతాలే పెంచుతాడట."

"ఎవరి జీతాలు అత్తయ్యా?"

"ఉన్నవాళ్ళవి. జీతం అనలేదు, జీతాలు అన్నాడు. 'లు' స్పష్టంగా వినపడింది."

"సరిగ్గా విన్నావా?" అన్నాను నేను.

"రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే అన్నాడు. నీలాగా ఒకటి అడిగితే నాలుగు చెప్పే మనిషి కాదు."

మా ఆవిడ సంచి దింపకుండా అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత ముఖం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక అడిగింది ఒకటే: "రేపు పొద్దున్న కూర నేను చెయ్యలేనేమో, మీరు చేస్తారా?"

ఆ మర్నాటినుంచి మా ఇంట్లో పొద్దున్నే తలుపు తీసుకుని వెళ్ళే మనిషి మారింది. నేను రోజు విడిచి రోజు ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. తరిగిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు వచ్చేవి, అమ్మ మాత్రం ఉద్యోగం కోసం ఏడుస్తున్నాననుకునేది.

ఆ కబురు మా ఇంట్లో ఆగలేదు. పైమేడ అక్క అదే షాపులో ఫారాలు మడుస్తుంది. మా అమ్మ ఆవిణ్ణి మెట్ల మీదే ఆపి చెప్పేసింది. పైమేడ అక్క షాపులో చెప్పేసింది. కబురుకి జిగురు అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది.

ఆఫీసు లేని రోజుల్లో మధ్యాహ్నం ఆవిడకి టిఫిన్ డబ్బా పట్టుకుని నేను షాపుకి వెళ్ళేవాణ్ణి. ఇప్పటికీ ఎక్కడన్నా తడి కాగితం వాసన తగిలితే ఆ గది నా కళ్ళముందుకొస్తుంది. పొడవాటి బల్ల. బల్ల మీద రెండు వైపులా ఫారాల దొంతరలు. మడతలు నొక్కే చెక్కముక్క టక్ టక్ మని ఒక తాళం. మూలన కటింగ్ మిషను, దాని కింద పేరుకున్న కాగితం పీలికలు. ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయి, వెయ్యకపోతే మనుషులు లేస్తారు. అందుకని ఫ్యాన్లు గోడవైపు తిప్పి పెట్టి, గాలిని బతిమాలుకుంటూ పనిచేసేవాళ్ళు.

మొదటిరోజే మా ఆవిడకి కిటికీ పక్క చోటిచ్చారు. ఆ చోటు అంతకుముందు పైమేడ అక్కది.

"అయ్యో అక్కా, నువ్వు కూర్చో," అంటే, "నీకు వెలుతురు కావాలి. మాకు నువ్వు కావాలి," అందావిడ.

కటింగ్ బాబాయ్ తలమీద ఒక్క వెంట్రుక కూడా లేదు. కటింగంతా కాగితాలకే. ఆయన మా ఆవిడ అట్టలన్నీ ముందు కోసిచ్చి, మిగతావాళ్ళవి తర్వాత కోసేవాడు. ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు.

"ఏం బాబాయ్, మా ఆవిడకేనా ముందు?" అన్నాను నేను.

"మీ ఆవిడ కాదు బాబూ, మా ఆవిడ," అని నాలుక్కరుచుకుని, "అంటే మా అందరి ఆవిడ," అన్నాడు. అది ఇంకా అధ్వాన్నంగా వినపడింది. మడతల దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వి నవ్వి ఒక దొంతర తలకిందులుగా మడిచేశారు.

వాళ్ళు నవ్వుతుంటే నేను ఊరుకుంటానా? "ఈ షాపులో కుట్టు ఉంది, కట్టు ఉంది, మీరంతా చెప్పుకునేవి కట్టుకథలు," అన్నాను. "అయితే దారమే మీకు ఆధారం," అన్నాను. "ఈయన్ని కూడా కాస్త కుట్టెయ్యమ్మా, నోటిదగ్గర," అంది పైమేడ అక్క. మా ఆవిడ సూది పైకెత్తి చూపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నలుగురిలో అంత ధైర్యంగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఇంకా రాని జీతంతో ఆ వారం అందరూ బతకడం మొదలుపెట్టేశారు. కటింగ్ బాబాయ్ కొత్త చెప్పులు కొన్నాడు, బల్లకింద దాచుకుని మధ్యమధ్యలో తొడుక్కుని చూసుకునేవాడు. పైమేడ అక్క కూతుర్ని ఈతకి చేర్పించింది. "జీతంలో ఈత ఉందిగా అక్కా," అన్నాను. ఆవిడకి ఆ మాట ఎంత నచ్చిందంటే, మర్నాటికి షాపంతా అదే అనుకుంటున్నారు. నా చమత్కారం నాకన్నా ముందు మా ఇంటికి చేరింది.

మా ఆవిడ పని సంగతి వేరే చెప్పాలి. గ్రంథాలయం పుస్తకాలు అట్టలూడి, వెన్ను విరిగి, మంచం పట్టిన ముసలివాళ్ళలా వచ్చేవి. ఒక్కొక్కదాన్ని ఒళ్ళో పెట్టుకుని పాత దారం ముక్కలు తీసేది. సాయంత్రం అయ్యేసరికి అవి నిలబడేవి. పుస్తకాన్ని బల్లమీద నిలువునా నిలబెట్టి చెయ్యి తీసేసేది, పడకపోతే అదే పరీక్ష. ఇంటికొచ్చాక ఆ వేళ ఏవి నిలబడ్డాయో అమ్మకి చెప్పేది. అమ్మ వాటిలో సగం తప్పుగా వినేది. అయినా పూర్తిగా సంతోషించేది.

వారం చివరిరోజు నాకు ఆఫీసు లేదు. "సారుకి వస్తానని చెప్పేస్తాను, మీరూ రండి," అంది. ఆయన గది షాపు వెనక, మూడు గోడలూ ఒక కర్టెనూ. మేం వెళ్ళేసరికి ఆయన డబ్బాలో గమ్ము కలుపుతున్నాడు.

"వారం అయిందండీ. వస్తాను," అంది మా ఆవిడ. "అందరికీ పెంచుతానన్నారు కదా. అది విన్నాకే నాకు ధైర్యం వచ్చింది."

కలుపుతున్న పుల్ల ఆగింది. "ఏం పెంచుతాను?"

"జీతాలు."

"ఎవరన్నారు?"

"మీరే. ఫోన్లో మా అత్తయ్యతో."

ఆయన పుల్ల తీసి డబ్బా అంచున నిదానంగా గీశాడు. "పంచుతామన్నానమ్మా."

అప్పుడు ఆయన నోటివైపు చూశాను. 'ప' పలకాలంటే పెదవులు కలిపి, తర్వాత బాగా తెరవాలి. ఆయన కలుపుతాడు, తెరవడు. ఆ సందులోంచి వచ్చింది 'పెం' అంటే 'పెం', 'పం' అంటే 'పం'. ఎవరికి కావలసింది వాళ్ళు వినొచ్చు.

"పంచడమంటే?" అంది మా ఆవిడ.

ఆయన జీవితంలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలేమో. "గ్రంథాలయం వాళ్ళు నెలనెలా కొంతిస్తారు. మీకు ఇస్తానన్నదానికి అది చాలదు. తక్కువపడ్డది, బడుల సీజనులో వీళ్ళకి జీతంమీద ఇచ్చే బత్తాలోంచి తలా కాస్త తీసి సర్దుతాను. ఉన్నవే పంచడం. నా దగ్గర వేరే లేదమ్మా. మీ పనికి ఆ జీతం ఎక్కువ కాదు, అది కూడా నాకు తెలుసు."

"వాళ్ళకి తెలుసా?"

"ఒకటో తారీఖున తెలుస్తుంది."

ఆయన చెడ్డవాడు కాదు. లెక్క తెలిసినవాడు. కర్టెను ఇవతలికి వచ్చి, కాగితం కట్టల మధ్య సందులో నిలబడ్డాం.

"నీ జీతం నీకు ఆయన చెప్పినంతా వస్తుంది కదా," అన్నాను నెమ్మదిగా.

"ఊ."

"నాకు రోజు విడిచి రోజే."

"తెలుసండీ."

"అద్దె రోజు విడిచి రోజు ఇస్తే ఊరుకోరు."

"తెలుసు." ఆవిడ చేతికి అంటిన మైనం గోటితో తీస్తోంది. "ఒకటో తారీఖున వాళ్ళకి తెలిసినప్పుడు నేను ఆ కిటికీ పక్కన కూర్చుని ఉంటానండీ."

నేను టిఫిన్ డబ్బా చెయ్యి మార్చుకుని ఆవిడ వెనకే నడిచాను.

బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అందరూ తలలెత్తారు. "ఎప్పట్నుంచి?" అంది పైమేడ అక్క.

మా ఆవిడ ఒక అట్టముక్క తీసుకుంది. దానిమీద పెన్సిల్‌తో పెద్ద అక్షరాలతో 'పంచుతాం' అని రాసి అందరికీ కనిపించేట్టు నిలబెట్టింది.

"సారు అన్నది ఇది. మేము విన్నది 'పెంచుతాం'. ఫోన్లో మా అత్తయ్యకి అలా వినపడింది. మా ఇంట్లోంచే మీ దాకా వచ్చింది. నా జీతానికి తక్కువపడ్డది మీ బత్తాలోంచి తీస్తారట. అందుకని నేను ఆ జీతానికి రాను."

చెక్కముక్కల చప్పుడు ఆగిపోయింది. కటింగ్ బాబాయ్ బల్లకింద కాళ్ళు లోపలికి లాక్కున్నాడు. ఎవరో "అయితే అంతేనా" అన్నారు, ఎవరినీ అడగనట్టు.

పైమేడ అక్క తన ముందున్న ఫారాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "మా పిల్ల నిన్ననే గట్టు వదిలేసి నీళ్ళలోకి వెళ్ళిందే," అంది.

మా ఆవిడ కళ్ళు దించుకుంది. నేను ఏదో ఒకటి చమత్కరించి ఆ గదిని తేలిక చేద్దామని వెతికాను. దొరికినవన్నీ బరువుగానే ఉన్నాయి.

అప్పుడు కటింగ్ బాబాయ్ లేచి, ఆ అట్టముక్క తీసుకుని, కర్టెను దగ్గర నిలబడి ఉన్న గమ్ము సారు చేతికిచ్చాడు. పెన్సిల్ కూడా ఇచ్చాడు.

"వారంబట్టి పెరిగిన జీతంతో బతుకుతున్నాం సారూ. ఇప్పుడు దిగడం కష్టం. ఒక్క ఎత్వమే కదా. పెట్టెయ్యండి."

ఎవరూ నవ్వలేదు. గమ్ము సారు అట్టవైపు చూస్తూ, "ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు.

"నా దాంట్లోంచి తీయండి," అంది మా ఆవిడ. "వీళ్ళకెంతో నాకూ అంతే ఇవ్వండి. గ్రంథాలయం ఇచ్చేదాంట్లో అప్పుడు కొంత మిగులుతుంది కదా. ఆ మిగిలింది అందరికీ సమానంగా పంచండి. నాక్కూడా. మీరు పంచినట్టూ ఉంటుంది, వీళ్ళకి పెంచినట్టూ ఉంటుంది."

ఆయన మనసులో లెక్క వేస్తున్నాడని పెదవుల కదలిక చూస్తే తెలిసింది. నేనూ వేశాను. మా ఇంటికి రాబోయిన జీతంలో మంచి ముక్క నా కళ్ళముందే తెగి బల్లమీద పరుచుకుంది. కటింగ్ మిషను అంత శుభ్రంగా కోయదు. దానికి నొప్పి పడ్డానో, గర్వపడ్డానో ఆ పూట నాకే తెలియలేదు. చెయ్యి మాత్రం టిఫిన్ డబ్బాని గట్టిగా పట్టుకుంది.

"గ్రంథాలయం పని ఉన్నన్నాళ్ళే," అన్నాడు సారు చివరికి.

"ఉన్నన్నాళ్ళే," అంది.

ఆయన అట్టని తొడమీద పెట్టుకుని, తలకట్టు కొట్టేసి, ఎత్వం పెట్టాడు. అది కాస్త పక్కకి ఒరిగింది. ప్రూఫ్‌లో అయితే ఒప్పుకునేవాణ్ణి కాదు.

"నోటితో కూడా అనండి సారూ," అంది పైమేడ అక్క. "మళ్ళీ ఇంకొకటి వినేస్తాం."

గమ్ము సారు నోరు తెరిచాడు. పళ్ళన్నీ కనిపించేంతగా తెరిచి, "పెంచుతాం," అన్నాడు. ఆయనకి అన్ని పళ్ళున్నాయని షాపులో అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మని కూర్చోబెట్టి, కుడిచెవి వైపునుంచి జరిగిందంతా చెప్పాం. ఆయన అన్నదేమిటి, అమ్మ విన్నదేమిటి, ఎత్వం ఎక్కడ ఊడిపడింది, పైమేడ అక్క ఏమంది, చివరికి జీతం ఎంతకి కుదిరింది. మా ఆవిడ ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది. పైమేడ అక్క కూడా వచ్చి మెట్లమీద కూర్చుని, మధ్యలో వదిలేసినవి అందించింది. అమ్మ అంతా తలూపుతూ విన్నది.

"అంటే ఆయన పంచుతామన్నాడు, నేను పెంచుతామని విన్నాను."

"అవును అత్తయ్యా."

"ఇప్పుడేమో పెంచుతున్నాడు."

"అవును."

"మరింకేం," అంది అమ్మ. "నేను సరిగ్గానే విన్నాను. ఆయనే తప్పు పలికాడు."